ఏడేళ్ళకే ఎదుగుదల మొదలైతే అది అమ్మ పోలికేనా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను అమ్మా. పాపకి 7 ఏళ్ళ 4 నెలలు. రెండు నెలలుగా ఛాతీ దగ్గర ఒకవైపు గట్టిగా తగులుతోంది, ముట్టుకుంటే నొప్పి అంటోంది. ఈ ఏడాదిలోనే యూనిఫాం రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. మీరు పదేళ్ళకే పెద్దమనిషి అయ్యారు కాబట్టి "తల్లి పోలిక, ఇంకేముంది" అని ఇంట్లో అంటున్నారు. జెనెటిక్ టెస్ట్ చేయించాలా, మూడేళ్ళ చెల్లికి కూడా ఇలాగే అవుతుందా అని అడిగారు.

నేను పిల్లల హార్మోన్ల డాక్టర్‌ని. వారంలో రెండు మూడుసార్లయినా ఈ ప్రశ్న నా ముందుకి వస్తుంది. అడిగేది దాదాపు ఎప్పుడూ అమ్మే. అడుగుతున్నప్పుడు ఆ గొంతులో తప్పు చేసిన భావం వినపడుతూనే ఉంటుంది. అందుకే ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను.

వంశపారంపర్యం పాత్ర ఉంది, గట్టిగానే ఉంది. కానీ మీరు పదేళ్ళకి పెద్దమనిషి అవడం జబ్బు కాదు. మామూలు పరిధిలోనే కాస్త ముందు, అంతే. మీ పాపకి ఏడేళ్ళకే మొదలవడానికి అదొక్కటే కారణమని ఎవరూ చెప్పలేరు. ఇంకో మాట, ఇది చాలా ఇళ్ళలో తెలియదు: ఒక్క జన్యువు దెబ్బతింటే చాలు యుక్తవయసు ముందే వచ్చేస్తుందని గట్టిగా రుజువైన వాటిలో ముఖ్యమైనవి రెండు. ఆ రెండూ బిడ్డ మీద ప్రభావం చూపేది తండ్రి నుంచి వచ్చినప్పుడే. ఇక జెనెటిక్ టెస్ట్ మొదట చేయించాల్సిన పరీక్ష కాదు. మొదట చేయించాల్సింది చేతి ఎక్స్‌రే, కొన్ని రక్తపరీక్షలు. 8 ఏళ్ళు నిండకముందే ఛాతీ మొదలైంది కాబట్టి "చూద్దాంలే" అని ఆగకుండా ఈ రెండు మూడు వారాల్లో చూపించండి.

ఇప్పుడు వివరంగా.

యుక్తవయసుకి మీట మెదడులో ఉంటుంది. హైపోథాలమస్ అనే చిన్న భాగం నుంచి ఒక హార్మోన్ విడతలు విడతలుగా, గుండె కొట్టుకున్నట్టు ఆగి ఆగి విడుదలవుతుంది. అది పిట్యూటరీ గ్రంథిని తట్టిలేపితే, పిట్యూటరీ అండాశయాలని లేపుతుంది. ఈ వ్యవస్థ పుట్టిన కొత్తలో కొన్ని నెలలు పనిచేసి, తర్వాత ఆగిపోతుంది. అంటే ఇంజన్ తయారుగానే ఉంటుంది, బ్రేకు వేసి ఉంటుంది. ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య ఆ బ్రేకు మెల్లగా వదులవుతుంది. ముందే వదిలేస్తే మనం చూస్తున్న సమస్య.

మొదట దొరికిన ఆధారం యాక్సిలరేటర్ వైపుది. కిస్‌పెప్టిన్ అనే పదార్థం ఆ హార్మోన్ విడుదలని ఎగదోస్తుంది. దాని జన్యువు 1996లో అమెరికాలోని హెర్షీ అనే ఊళ్ళో బయటపడింది. అక్కడ తయారయ్యే కిస్సెస్ చాక్లెట్ల పేరే దానికి పెట్టారు. అప్పుడు వాళ్ళు వెతుకుతున్నది క్యాన్సర్ గురించి. యుక్తవయసుతో దానికి సంబంధం ఉందని 2003లో తేలింది. ఆ కిస్‌పెప్టిన్ అతుక్కునే చోటు పాడైన వాళ్ళకి యుక్తవయసే రాలేదు. 2008లో బ్రెజిల్ పాప ఒకరిలో అదే చోటు అతిగా పనిచేస్తూ, చాలా చిన్న వయసులోనే ఎదుగుదల మొదలైనట్టు కనుక్కున్నారు. అయితే ఇలాంటివి బాగా అరుదు.

అసలు మలుపు 2013లో వచ్చింది. బోస్టన్, సావోపాలో డాక్టర్లు కలిసి, ఒకే ఇంట్లో ఒకరికి మించి ఆడపిల్లలకో మగపిల్లలకో ముందే యుక్తవయసు వచ్చిన 15 కుటుంబాలని పరీక్షించారు. వాటిలో 5 కుటుంబాల్లో ఎంకేఆర్ఎన్3 అనే జన్యువులో లోపం దొరికింది. ఇది బ్రేకు. బ్రేకు పాడైతే బండి ముందుకి పోతుంది. కుటుంబాల్లో కనిపించే త్వరిత యుక్తవయసుకి ఇప్పటికి తెలిసిన జన్యు కారణాల్లో తరచుగా దొరికేది ఇదే.

ఈ జన్యువుకి ఒక విచిత్రమైన గుణం ఉంది. మనలో దాదాపు ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా, అంటే రెండు కాపీలుగా ఉంటుంది, అమ్మ ఇచ్చింది ఒకటి, నాన్న ఇచ్చింది ఒకటి. మామూలుగా రెండూ పనిచేస్తాయి. ఈ జన్యువు విషయంలో మాత్రం అమ్మ ఇచ్చిన కాపీ పుట్టుక నుంచే నోరు మూసుకుని ఉంటుంది. నాన్న ఇచ్చిందే పనిచేస్తుంది. కాబట్టి లోపం అమ్మ నుంచి వస్తే బిడ్డకి ఏమీ కాదు, ఎందుకంటే ఆ ప్రతి ఎలాగూ మాట్లాడదు. నాన్న నుంచి వస్తే మాత్రం పనిచేసే బ్రేకు ఒక్కటీ మిగలదు. 2017లో బయటపడిన డీఎల్‌కే1 అనే ఇంకో జన్యువు కూడా అచ్చం ఇలాగే, నాన్న ప్రతి మాత్రమే పనిచేస్తుంది.

దీనివల్ల ఇంటి చరిత్రలో ఒక తరం తప్పిపోయినట్టు కనిపిస్తుంది. అక్కడే అందరం పొరపడతాం. నేనూ పొరపడ్డాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నా కేస్ షీట్‌లో "తల్లి రజస్వల అయిన వయసు" అని ఒకే గడి ఉండేది. నాన్న వైపు అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ రోజుల్లో ఎన్ని కుటుంబాల్లో అసలు జాడ నా ముందు నుంచే జారిపోయిందో అని ఇప్పటికీ బాధపడతాను.

ఆ గడిని నాతో మార్పించింది ఒక నానమ్మగారు. వివరాలు కొంచెం మార్చి చెప్తున్నాను. పాపకి అప్పటికి ఆరున్నర ఏళ్ళు. ఎముక వయసు, అంటే ఎక్స్‌రేలో ఎముకలు ఎదిగిన తీరుని బట్టి వేసే వయసు, చూస్తే తొమ్మిదిన్నర. తల్లి పదమూడేళ్ళకి పెద్దమనిషి అయింది. తండ్రిని అడిగితే "మా వైపు అలాంటివేం లేవు డాక్టర్ గారూ" అన్నాడు. తలుపు పక్కన స్టూల్ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న వాళ్ళమ్మ ఏమీ మాట్లాడలేదు. నేను మందుల చీటీ రాస్తుంటే మెల్లగా అన్నారు: "ఉప్పెన వచ్చిందే, ఆ తర్వాత సంక్రాంతికి అయ్యానమ్మా నేను. ఇల్లు కొట్టుకుపోయి బడిలో తలదాచుకున్నాం. మూల కూర్చోబెట్టడానికి మూలేదీ? గోనెపట్టా అడ్డం కట్టి కూర్చోబెట్టారు. అప్పుడు నేను మూడో తరగతి."

వాళ్ళది దివిసీమ. ఉప్పెన 1977 నవంబరులో వచ్చింది. లెక్కేస్తే ఆవిడకి అప్పుడు ఎనిమిది నిండి కొన్ని నెలలు. నెలసరే ఎనిమిదేళ్ళకి వచ్చిందంటే ఛాతీ ఎదగడం దానికి రెండేళ్ళ ముందే మొదలై ఉండాలి. కొడుకు ఆ మాట వినడం అదే మొదటిసారి. కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది.

పాపకి, తండ్రికి, నానమ్మకి రక్తపరీక్ష చేయిస్తే ముగ్గురిలోనూ ఎంకేఆర్ఎన్3లో అదే లోపం. నానమ్మకి అది వాళ్ళ నాన్న నుంచి వచ్చి ఉంటుంది, అందుకే ఆవిడకి ముందే అయింది. ఆవిడ కొడుక్కి ఇచ్చింది, కానీ అతనికి అది అమ్మ ఇచ్చిన ప్రతి కాబట్టి నిద్రపోయింది. అతనికి గడ్డం, మీసం అన్నీ వేళకే వచ్చాయి. అతను కూతురికి ఇచ్చేసరికి అది నాన్న ఇచ్చిన ప్రతి అయింది, మేలుకుంది. ఆ ఇంట్లో మేనత్తని మాత్రమే అడిగి ఉంటే ఏమీ తేలేది కాదు, ఎందుకంటే ఆమెకి వచ్చినా అమ్మ నుంచే వస్తుంది.

కాబట్టి మీ ఇంట్లో అడగాల్సింది ఇలా: పాప నానమ్మ ఏ వయసులో పెద్దమనిషి అయ్యారు? పాప నాన్నకి గొంతు ఎప్పుడు మారింది? తాతయ్యకి? మగవాళ్ళని వయసు అడిగితే గుర్తుండదు. నేను వేరేలా అడుగుతాను. ఐదో తరగతిలో అందరికంటే పొడుగ్గా వెనక బెంచీలో ఉండి, పదో తరగతికి వచ్చేసరికి ముందు బెంచీకి వచ్చేశారా అని. ముందే ఎదిగి ముందే ఆగిపోయిన మగవాళ్ళు ఈ ప్రశ్నకి టక్కున తలూపుతారు. ఆడవాళ్ళని కూడా ఏళ్ళు అడక్కుండా ఏ తరగతిలో, ఏ పండగకి, ఎవరి పెళ్ళికి ముందు అని అడిగితే కచ్చితంగా చెప్తారు. సమర్త ఫంక్షన్ ఫోటో ఉంటే ఇంకా మంచిది.

అయితే ఇవన్నీ చదివి "అయితే మా ఆయన వైపు తప్పన్నమాట" అనుకోకండి. నిందని ఒకరి మీద నుంచి తీసి ఇంకొకరి మీద పెట్టడానికి చెప్పడం లేదు. పైగా ముందే ఎదిగే ఆడపిల్లల్లో ఎక్కువమందికి ఇలాంటి ఒకే ఒక్క లోపం దొరకదు. వాళ్ళలో పనిచేసేది వందల కొద్దీ చిన్న చిన్న తేడాలు. ఒక్కొక్కటీ నెలసరి వయసుని కొద్ది రోజులో వారాలో అటూ ఇటూ జరుపుతుంది. 2024లో సుమారు 8 లక్షల మంది ఆడవాళ్ళ వివరాలతో వచ్చిన అధ్యయనంలో ఇలాంటి తేడాలు వెయ్యికి పైగా లెక్కతేలాయి. ఇవి అమ్మ నుంచీ వస్తాయి, నాన్న నుంచీ వస్తాయి. ముందుకి జరిపేవి ఒకే బిడ్డలో ఎక్కువగా కలిస్తే త్వరగా అవుతుంది. మీరు పదేళ్ళకి అవడం ఈ లెక్కలోకి వస్తుంది. అంటే మీ వాటా ఉంది, మీ వారి వాటా కూడా అంతే ఉంది, ఆయన వాటా బయటికి కనపడదు, అంతే.

ఆ అధ్యయనంలో నన్ను బాగా ఆలోచింపజేసిన విషయం ఇంకొకటి ఉంది. ఆ తేడాల్లో దాదాపు సగం నేరుగా యుక్తవయసు మీద పనిచేయవు. చిన్నతనంలో బరువు త్వరగా పెరిగేలా చేసి, ఆ దారిలో యుక్తవయసుని ముందుకి లాగుతాయి. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ "ఒంట్లో నిల్వలు చాలినంత ఉన్నాయి" అని మెదడుకి కబురు పెడుతుంది. కాబట్టి జన్యువులు వేరు, తిండి వేరు అని గీత గీయలేం.

వాతావరణం ఎంత మార్చగలదో చూపించే మన పిల్లల ఉదాహరణ ఒకటుంది. భారతదేశం నుంచి స్వీడన్‌కి దత్తత వెళ్ళిన ఆడపిల్లల మీద 1991లో వచ్చిన అధ్యయనంలో సగంమంది 11.6 ఏళ్ళకే పెద్దమనుషులయ్యారు. ఇక్కడి పిల్లలకంటే, అక్కడి పిల్లలకంటే కూడా ముందు. స్వీడన్ చేరేటప్పటికి చిక్కిపోయి ఉండి, తర్వాత మంచి తిండి దొరికి గబగబా ఎదిగిన పిల్లలే వాళ్ళలో ఎక్కువ. అలాగే కోవిడ్ లాక్‌డౌన్ ఏడాది ఇటలీతో సహా చాలా దేశాల్లో ఈ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. నా దగ్గరా పెరిగాయి. ఒక్క ఏడాదిలో ఎవరి జన్యువులూ మారవు కదా. పిల్లలు కదలకుండా ఇంట్లో ఉండిపోవడం, బరువు పెరగడం, నిద్ర వేళలు తప్పడం, టెన్షన్, వీటిలో ఏది ఎంతో విడదీయలేం గానీ మీట మాత్రం పడింది.

బ్రాయిలర్ కోడి గురించి ఎలాగూ అడుగుతారు. ఆ కోళ్ళు త్వరగా ఎదిగేది జాతి ఎంపిక వల్ల, దాణా వల్ల. వాటికి హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారన్నది అపోహ. పాపకి చికెన్ మాన్పించి, దాని బదులు చిప్స్, బిస్కెట్లు పెట్టిన ఇళ్ళు చూశాను. అది ఎదురు తిరుగుతుంది. మేనరికం గురించి కూడా ఒక మాట. నేను పైన చెప్పిన నాన్న వైపు జన్యువుల విషయంలో మేనరికానికి దోషం లేదు, ఒక్క లోపం చాలు కాబట్టి. మేనరికం తేడా తెచ్చేది కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథి జబ్బుల్లో. దానికి రెండు వైపుల నుంచీ లోపం రావాలి. అలాంటి ఆడపిల్లల్లో ఛాతీ కాదు, ముందుగా జఘన రోమాలు, మొటిమలు, చెమట వాసన కనిపిస్తాయి. మీ పాపకి ఇవి ఉన్నాయో లేదో మీరు రాయలేదు, డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

జన్యువుల్లో మార్పు ఉన్నా వంశపారంపర్యం కాని సందర్భం కూడా ఉంది. నాలుగేళ్ళ పాప ఒకరిని రక్తస్రావం అవుతోందని తీసుకొచ్చారు. వీపు మీద ఒకవైపు, అంచులు ఎగుడుదిగుడుగా పెద్ద కాఫీ రంగు మచ్చ. అప్పటికి ఆ తల్లిదండ్రులు మీ వంశమంటే మీ వంశమని మాట్లాడుకోవడం మానేసి నెలైందట. అది మెక్‌క్యూన్ ఆల్‌బ్రైట్ అనే పరిస్థితి. పిండం తయారయ్యాక కొన్ని కణాల్లో మాత్రమే మార్పు వస్తుంది. అమ్మ నుంచీ రాదు, నాన్న నుంచీ రాదు. ఆ సంగతి చెప్పాక ఆ తండ్రి కుర్చీలో కూలబడి ఏడ్చేశాడు. మీ పాప ఒంటి మీద అలాంటి పెద్ద మచ్చ ఉంటే ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఏం చేయాలో చూద్దాం. డాక్టర్ మొదట చేత్తో తడిమి చూస్తారు. లావుగా ఉన్న పిల్లల్లో అది కొవ్వేనా, నిజంగా గ్రంథి ఎదుగుతోందా అన్నది కళ్ళతో చూస్తే తెలియదు. కొవ్వు మెత్తగా వేళ్ళ మధ్య జారిపోతుంది. గ్రంథి అయితే చనుమొన వెనక చిన్న బిళ్ళలా గట్టిగా, నొక్కితే నొప్పిగా ఉంటుంది. మీరు రాసింది రెండోదానిలా ఉంది. ఒకవైపే మొదలవడం మామూలే, గడ్డ అనుకుని కోయించకండి. ఆ బిళ్ళని తీసేస్తే ఆ వైపు రొమ్మే ఎదగదు.

తర్వాత ఎడమ చేతి ఎక్స్‌రే, ఎముక వయసు కోసం. ఉదయం పూట ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలని లేపే పిట్యూటరీ హార్మోన్లు), ఈస్ట్రోజన్, థైరాయిడ్ పరీక్షలు. గర్భసంచి, అండాశయాల స్కాన్. ఇవి అటూ ఇటూగా ఉంటే ఒక ఇంజెక్షన్ ఇచ్చి ఎల్‌హెచ్ ఎంత ఎగబాకుతుందో చూస్తారు. ఆరేళ్ళలోపు మొదలైన వాళ్ళకి మెదడు ఎంఆర్ఐ తప్పనిసరి. ఆరు, ఎనిమిది మధ్య ఉన్న మీ పాపలాంటి వాళ్ళకి తలనొప్పి, చూపు మందగించడం, మరీ వేగంగా ఎదగడం లాంటివి ఉన్నాయా అని చూసి డాక్టర్ నిర్ణయిస్తారు.

వైద్యం అవసరమా కాదా అన్నది జన్యువు చెప్పదు, వేగం చెప్తుంది. ఏడు దాటాక మొదలైన పిల్లల్లో కొందరిలో ఇది నత్తనడకన సాగుతుంది, మూడు నాలుగు నెలలకోసారి చూసుకుంటే చాలు. ఎముక వయసు పరుగెడుతుంటే, ఎత్తు గబగబా పెరుగుతుంటే నెలకో, మూడు నెలలకో ఒక ఇంజెక్షన్ ఇస్తాం. బ్రేకు మళ్ళీ పడుతుంది. పదకొండేళ్ళ దగ్గర ఆపేస్తే సుమారు ఏడాది, ఏడాదిన్నరలో నెలసరి దానంతట అదే వస్తుంది. పిల్లలు పుట్టరేమోనన్న భయం పెట్టుకోకండి. ఎంకేఆర్ఎన్3 లోపం ఉన్న పిల్లలకి కూడా ఇదే మందు, ఇదే ఫలితం.

అలాంటప్పుడు జెనెటిక్ టెస్ట్ దేనికి? ఇంట్లో ఇంకొకరికి, ముఖ్యంగా నాన్న వైపు, ముందే అయిన జాడ ఉండి, వెనక చిన్న పిల్లలుంటే అప్పుడు ఉపయోగం. నేను చెప్పిన దివిసీమ కుటుంబంలో పాపకి నాలుగేళ్ళ చెల్లి ఉంది. నాన్న నుంచి లోపం వచ్చే అవకాశం సగానికి సగం. పరీక్షలో వచ్చినట్టు తేలింది. నాలుగు నెలలకోసారి తీసుకొచ్చేవారు. ఆరేళ్ళ రెండు నెలలకి మొదలైంది. మేం వెంటనే పట్టుకున్నాం. అక్కకి ఎముక వయసు మూడేళ్ళు ముందుకి పోయాక వైద్యం మొదలైతే, చెల్లికి ఏడాది కూడా పోకముందే మొదలైంది. మీ ఇంట్లో అలాంటి జాడ దొరక్కపోతే ఆ డబ్బు దాచుకోండి. టెస్టులో ఏమీ రాకపోయినా "జన్యువుల వల్ల కాదు" అని అర్థం కాదు, ఆ వెయ్యి చిన్న తేడాలని ఈ టెస్టులు చూపించవు.

మీ చిన్నపాపకి ఇప్పుడు ఏ పరీక్షా అక్కర్లేదు. గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వేసి, ఆరు నెలలకోసారి ఎత్తు చూడండి. ఐదేళ్ళు నిండాక స్నానం చేయించేటప్పుడు ఛాతీ గమనిస్తూ ఉండండి. ఆ వయసు దాటాక ఏడాదికి ఆరేడు సెంటీమీటర్లకి మించి పెరుగుతుంటే తీసుకురండి.

పెద్దపాపతో మాట్లాడే పని మాత్రం ఈ వారమే చేయండి. "నీ ఒళ్ళు కొంచెం ముందే ఎదగడం మొదలుపెట్టింది, నీ తప్పేం లేదు, డాక్టరమ్మ చూస్తారు" అంటే చాలు. ఏడేళ్ళ పిల్లకి చున్నీ వేసి ఆటలు మాన్పించకండి. మెత్తటి కాటన్ బనీను సరిపోతుంది. క్లాస్ టీచరుకి ఒక్కరికే చెప్పి ఉంచండి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు టీకాల కార్డు, స్కూల్ ప్రోగ్రెస్ కార్డులు పట్టుకెళ్ళండి. చాలా స్కూళ్ళు వాటిలో ఎత్తు, బరువు రాస్తాయి, గత మూడేళ్ళ వేగం దాంట్లోనే దొరుకుతుంది. మీ ఎత్తు, మీ వారి ఎత్తు కొలిచి రాసుకోండి. కుదిరితే మీ అత్తగారిని కూడా వెంట తీసుకెళ్ళండి. నిందించే ప్రశ్నలా కాకుండా, "అత్తయ్యా, మీరు ఏ క్లాసులో ఉండగా పెద్దమనిషి అయ్యారు?" అని దారిలోనే మెల్లగా అడగండి.

పాపకి ఒంటి మీద మచ్చలు, చెమట వాసన, తలనొప్పి ఉన్నాయో లేవో, ఎక్స్‌రేలో ఎముక వయసు ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి. చూసి చెప్తాను.